మన చరిత్రలో నీళ్లు – 6: బిందె ఎత్తిన ఆడపిల్ల ఏ బడికి పోతుంది?

దళిత ఆడపిల్లల చదువు గురించి రాసేవాళ్లంతా బడి దగ్గర మొదలుపెడతారు. ఎన్ని బడులు, ఎందరు చేరారు, ఎందరు మానేశారు అని లెక్క తీస్తారు. నేను బావి దగ్గర మొదలుపెట్టమంటాను.

ఊరబావిలో మనవాళ్లు చేద వెయ్యకూడదు. గట్టు కింద కడవ పెట్టుకుని, పైకులం మనిషి ఎవరో వచ్చి, మనసైతే ఎత్తునుంచి పోసేదాకా నిలబడాలి. మన సాహిత్యం దీన్ని అవమానంగా రాసింది. కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' పాఠం చెప్పేటప్పుడు నేనూ అవమానం గురించే ఎక్కువ మాట్లాడతాను. కానీ అది కాలం కూడా. తల్లి తెల్లారకముందే నాట్లకో కలుపుకో పోవాలి, లేకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. మరి కడవ దగ్గర నిలబడేది ఎవరు? ఎనిమిదేళ్ల కూతురు. బడిగంట కొట్టే వేళకి ఆ పిల్ల ఇంకా గట్టు కిందే ఉంటుంది. రెండు బిందెలు ఇంటికి చేరాక తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. ఆ పిల్ల బడి మానేసిందని రాస్తారు. ఆ పిల్ల మానెయ్యలేదు, అసలు బయల్దేరనే లేదు.

బడికి చేరినా దాహం వదల్లేదు. బంట్రోతు వచ్చి పోస్తే తప్ప తనకు నీళ్లు లేవని అంబేడ్కర్ తన చిన్నతనం గురించి రాసుకున్నారు. ఆయన మగపిల్లవాడు. ఆడపిల్లకి ఇంటి కడవా, బడి దాహమూ రెండూ ఉన్నాయి.

అందుకే మహద్‌ని చెరువు పోరాటంగా మాత్రమే చదవడం నాకు సరిపోదు. చవ్‌దార్ చెరువు అందరిదని 1924లోనే మహద్ మునిసిపాలిటీ తీర్మానించింది. కాగితం మీదే. 1927 మార్చి 20న అంబేడ్కర్ వెనక జనం వెళ్లి ఆ నీళ్లు తాగారు. దెబ్బలు తిన్నారు. పైకులాలవాళ్లు ఆవుపేడ, ఆవు పంచితంతో చెరువుని 'శుద్ధి' చేశారు. హైకోర్టు తీర్పు మనవైపు రావడానికి 1937 దాకా పట్టింది. అదే ఏడాది, అంటే 1927 డిసెంబరులో, అదే మహద్‌లో ఆయన ఆడవాళ్లతో విడిగా మాట్లాడారు. మగపిల్లలకెంత అవసరమో ఆడపిల్లలకీ చదువు అంతే అవసరమని చెప్పారు. నీళ్లు, ఆడపిల్ల చదువు ఒకే ఊళ్లో, ఒకే పోరాటంలో వచ్చాయి. మన ఉపన్యాసాల్లో మాత్రం మొదటిదే మిగిలింది.

తర్వాత రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువుల పేరు పెట్టి మరీ రాసింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1985 జూలైలో కారంచేడు మాదిగపల్లె మంచినీళ్ల చెరువుని కమ్మ యువకులు మురికి చేస్తుంటే అడ్డుపడ్డారు. కొట్టబోయినప్పుడు మున్నంగి సువార్త ఎత్తింది చేతిలో ఉన్న బిందెనే. మర్నాడు, జూలై 17న, ఆరుగుర్ని చంపారు. పల్లె చీరాల శిబిరానికి తరలిపోయింది. అక్కడి పిల్లలకు ఊళ్లో బడి ఉన్నట్టా, లేనట్టా?

ఇప్పుడు గట్టు లేదు, కుళాయి ఉంది. చాలా ఊళ్లలో పైపు ఊరంతా తిరిగి చివరికి మన కాలనీకి వస్తుంది. వచ్చే ఆ అరగంట బడివేళ అయితే బిందె పట్టేది మళ్లీ కూతురే. అన్ని బడుల్లో నీళ్లు, ఆడపిల్లలకు మరుగుదొడ్లు ఉండాలని సుప్రీంకోర్టు 2012లో చెప్పాల్సొచ్చింది. మరుగుదొడ్డి కట్టి నీళ్లివ్వకపోతే నెలసరి రోజుల్లో పెద్దపిల్ల ఇంట్లోనే ఉండిపోతుంది. హాజరుపట్టీలో ఆ గీతలు నెలనెలా పడుతూ ఉంటాయి. ఏ పంతులూ కారణం రాయడు.

బావి దగ్గరున్నా నీళ్లు తాగరాని ఊళ్లు వేరే. దర్శి, పొదిలి ప్రాంతంలో ఫ్లోరైడ్ ఎముకలు వంచేస్తోందని 1937లోనే వైద్యులు రాశారు. అక్కడ మంచినీళ్లంటే ఇంకా దూరం నడవడమే. ఏడో భాగంలో ఆ ఊళ్లకు పోదాం.