మానుకోట స్టేషనూ, అంతరిక్షంలో ప్లాస్మా ముడులూ

చిన్నప్పుడు మా మానుకోట స్టేషన్లో (బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది లెండి) ఆగకుండా పోయే బండ్లని చూస్తూ నిలబడేవాణ్ణి. చీకట్లో చప్పుడొక్కటే వింటే అరనిమిషం పట్టిందని తెలుస్తుంది, అంతే. పొడుగు బండి జోరుగా పోయిందా, పొట్టి బండి మెల్లగా పోయిందా? కేసముద్రం ఎప్పుడు దాటిందో కూడా తెలిస్తే వేగం తేలుతుంది, దాంతో పొడుగూ తేలుతుంది.

అంతరిక్షంలో ప్లాస్మాని కొలిచేవాళ్ళకి మొదటినుంచీ ఇదే తలనొప్పి. ఒక్క సర్వర్ లాగ్ చూసి మొత్తం సిస్టం సంగతి చెప్పమన్నట్టు.

1961లో జేమ్స్ డంజీ రెండు పేజీల పేపర్ రాశాడు. సూర్యుడి నుంచి వచ్చే గాలిలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే, భూమి బలరేఖలతో ఎదురుపడి, రెండూ తెగి, కొత్తగా అతుక్కుంటాయని. అదే మాగ్నెటిక్ రీకనెక్షన్. నోబెల్ వచ్చిన ఆల్ఫ్‌వెన్ లాంటాయనే ఒప్పుకోలేదు!

1977 అక్టోబర్ 22న ఐఎస్‌ఈఈ-1, 2 అని జంట నౌకలు ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. భూమి అయస్కాంత కవచం అంచున క్షేత్రం ఒకటి రెండు నిమిషాలు బయటికి వంగి, వెంటనే లోపలికి వంగడం రస్సెల్, ఎల్ఫిక్ గమనించారు. మోకులా మెలితిరిగిన బలరేఖల కట్ట పక్కనుంచి పోతోందన్నమాట. 1978లో దానికి ఫ్లక్స్ ట్రాన్స్‌ఫర్ ఈవెంట్ అని పేరుపెట్టారు. రీకనెక్షన్ విడతలుగా కూడా జరుగుతుందని అలా తేలింది.

నాకు బాగా నచ్చింది మాత్రం మూడోది. ఐఎస్‌ఈఈ-3ని 1978లో ఎల్1 బిందువు దగ్గర పెట్టారు, అక్కడ నిలిచిన మొదటి నౌక అదే. 1982లో దారి మళ్ళించి భూమి వెనక తోకలోకి, 200 భూవ్యాసార్థాలకు పైగా దూరం పంపారు. భూమి దగ్గర సబ్‌స్టార్మ్ మొదలైన సుమారు అరగంటకి, తోకలోంచి తెగిన ప్లాస్మా ముద్ద దాన్ని దాటిపోయేది. దాన్నే ప్లాస్మాయిడ్ అంటారు. కేసముద్రం టైమూ మానుకోట టైమూ దొరికినట్టే కదా! 2014లో కొందరు ఔత్సాహికులు సాఫ్ట్‌వేర్ రేడియోతో ఈ ముసలి నౌకని మళ్ళీ పలకరించారు, అది వేరే కథ.

ఆ తర్వాత క్లస్టర్ నాలుగు, థెమిస్ ఐదు. 2015లో ఎంఎంఎస్ నాలుగు నౌకలూ దాదాపు 10 కిలోమీటర్ల ఎడంతో, బలరేఖలు తెగే చోటులోంచే దూరిపోయాయి.

మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న వెళ్ళిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 చుట్టూ కక్ష్యలో చేరింది. ఐఎస్‌ఈఈ-3 నిలబడ్డ చోటే. క్షేత్రం దక్షిణానికి తిరిగిందో లేదో ఓ గంట ముందు చెప్పగలదు. 1989 మార్చిలో క్యూబెక్‌కి 9 గంటలు కరెంటు పోయింది ఇలాంటి తుఫానుకే. కానీ ఆ తర్వాత కవచం అంచున ఎన్ని మోకులు పుట్టాయో, ఎంత లావో, ఆదిత్యకి కనపడదు. దానికి భూమి దగ్గర మన నౌకలు కనీసం రెండుండాలి. కేసముద్రంలో మనవాడున్నాడు, మానుకోటలో ఇంకా లేడు.