తోక కోణం

సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు ఇంజన్ గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. తోక రెక్కను ఏ కోణంలో బిగించాలన్నది మాత్రం చివర్లో, నాలుగు వాషర్లతో తేల్చేద్దామనుకుంటారు. నేను పిల్లలచేత బాల్సా గ్లైడర్లు చేయిస్తుంటాను. తోక అతికించే ముందు వాళ్లకు పెనో కథ చెప్పి తీరతాను.

ఆల్ఫోన్స్ పెనోది పారిస్. తుంటి జబ్బు వల్ల నౌకాదళంలో చేరలేకపోయాడు. 1871 ఆగస్టు 18న, 21 ఏళ్ల వయసులో, ట్యూలరీ తోటలో పండితుల ఎదుట ఒక బొమ్మ విమానాన్ని ఎగరేశాడు. మెలిపెట్టిన రబ్బరే దాని ఇంజన్. 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు వెళ్లింది. దూరం కన్నా, నడిపే మనిషి లేకుండా నిలకడగా వెళ్లడం గొప్ప. కదిపి సరిచేసుకునే తోకను ఇంగ్లండులో జార్జ్ కేలీ 1804లోనే నమూనా గ్లైడరుకు పెట్టాడు. ఆ తోక పనిని బొమ్మలో రుజువు చేసినవాడు పెనో.

రెక్కకన్నా తోకను తక్కువ కోణంలో బిగించాడు. గాలి విసురుకు ముక్కు లేస్తే రెండింటి కోణమూ ఒకే మేర పెరుగుతుంది. తక్కువతో మొదలైన తోకకు ఆ పెరుగుదల దామాషాలో ఎక్కువ. తోక లేస్తుంది, ముక్కు తిరిగి దిగుతుంది. ముక్కు దిగినప్పుడు ఇదే తలకిందులుగా జరుగుతుంది. ఇంత చేసిన మనిషి 30 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

1933 సెప్టెంబరు 10న ఫ్రాన్స్‌లోనే ఆన్రీ మిన్యే తన ఎచ్‌ఎం-14ను ఎగరేశాడు. మామూలు మనిషి కూడా ఇంట్లో కట్టుకోవాలని 1934లో పుస్తకం వేశాడు. ఎందరో కట్టారు. ఆ విమానంలో వెనక రెక్కే తోక పని చేసేది. స్టిక్ కదిపితే ముందు రెక్క మొత్తం కోణం మారేది. 1935, 36లలో కొందరు డైవ్‌లోంచి పైకి లేవలేక చనిపోయారు. నిలువెత్తు విమానాన్నే విండ్ టన్నెల్‌లో పెట్టి పరీక్షిస్తే కారణం దొరికింది. ముక్కు బాగా దిగాక స్టిక్ వెనక్కి లాగితే ముందు రెక్క వెనకంచు కిందికొచ్చి, రెండు రెక్కల నడుమ సందు సన్నబడుతుంది. వెనక రెక్కకు లిఫ్ట్ పెరిగి ముక్కు ఇంకా కిందికి పోతుంది. ప్రాణభయంతో పైలట్ చేసే సరైన పనే అతన్ని చంపుతుంది.

మిన్యే తర్వాత డిజైను సరిచేశాడు. సామాన్యుడి చేతికి విమానం అందించిన మనిషిగా ఆయనంటే నాకు గౌరవమే. కానీ విమానం కడుతున్న ప్రతివాళ్లకూ నాదొక విన్నపం: తోక బోల్టు ఆఖరిసారి బిగించే ముందు, రెక్కతో పోల్చి ఆ కోణాన్ని మీ చేత్తో కొలవండి. ప్లాన్‌లో ఉన్న డిగ్రీ రాకపోతే ఆ రోజు పని అక్కడితో ఆపేయండి.