స్టేజీ మీది షేర్వానీ

యూనివర్సిటీ కల్చరల్ ఫెస్ట్‌లో ముస్లింకి దొరికే చోటేదో మనకు తెలిసిందే. ఒక ఖవ్వాలీ, ఒక షేర్వానీ, ఓ పక్కన బిర్యానీ స్టాలు. పెద్దలొచ్చి గంగా జమునా తెహజీబ్ గురించి మాట్లాడతారు. తెల్లారితే ఆ తెహజీబ్ మళ్ళీ పెట్టెలోకి పోతుంది. ఖవ్వాలీ మీద నాకు కోపం లేదు. కలిసి బతకడమంటే ఇంతేనా అన్నదే ప్రశ్న. జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఉస్మానియా చరిత్ర చాలు.

1917లో నిజాం ఫర్మానా, 1918లో యూనివర్సిటీ. బ్రిటిష్ ఇండియా యూనివర్సిటీలన్నీ ఇంగ్లీషులో చదువు చెప్తున్న రోజుల్లో ఇక్కడ బోధనా భాష ఉర్దూ. అందుకోసం దారుల్ తర్జుమా పెట్టారు. సైన్సు, న్యాయం, చరిత్ర, తత్వశాస్త్రం ఉర్దూలోకి వచ్చాయి. లేని మాటల్ని పుట్టించారు. జోష్ మలీహాబాదీ లాంటి కవి కూడా అక్కడ పనిచేశాడు. డాక్టర్లు కూడా ఉర్దూలోనే చదివారు. ఉర్దూ అంటే గజల్ ఒక్కటే అనుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆర్ట్స్ కాలేజీ భవనం చూడండి. 1934లో పునాది, 1939లో ప్రారంభం. నమూనా గీసిన జాస్పర్ బెల్జియం వాడు, అంతకుముందు ఈజిప్టులో కట్టడాలు కట్టినవాడు. కింద అజంతా, ఎల్లోరా తీరు స్తంభాలు. పైన కమాన్లు. ఏ ఉపన్యాసమూ లేకుండానే రెండూ ఒకదాని బరువు ఒకటి మోస్తున్నాయి.

కానీ గోడల్లో ఉన్న కలయిక తరగతి గదుల్లోకి రాలేదు. దీన్ని దాచాల్సిన పని లేదు. హైదరాబాద్ రాజ్యంలో అన్నిటికన్నా ఎక్కువమంది మాట్లాడింది తెలుగు. ఆ తర్వాత మరాఠీ, కన్నడం. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్ళు కొద్దిమందే. రాయప్రోలు సుబ్బారావు తెలుగు ఆచార్యుడిగా ఉన్నా, తెలుగు అక్కడ ఒక సబ్జెక్టు మాత్రమే. పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడు లెక్కలు, చరిత్ర ఉర్దూలో నేర్వాల్సిందే. మన భాషకి దక్కిన గౌరవం పక్కవాడి భాషకి దక్కలేదు.

1938 చివర్లో హాస్టల్ ప్రార్థనా గదిలో విద్యార్థులు వందేమాతరం పాడితే అధికారులు వద్దన్నారు. సమ్మె జరిగింది. ఎంతోమందిని వెళ్ళగొట్టారు. నాగపూర్ యూనివర్సిటీ వాళ్ళని చేర్చుకుంది. పి.వి. నరసింహారావు వాళ్ళలో ఒకరు. ఆ పాట మీద ముస్లింలకున్న అభ్యంతరం వేరే చర్చ. పాడనని అనే హక్కు నాకుంటే, పాడుకునే హక్కు అతనికీ ఉంటుంది.

1948 పోలీసు చర్య తర్వాత ఏమైంది? ఉర్దూని తీసేశారు. ఆ కుర్చీలో తెలుగుని కూర్చోబెట్టారా? లేదు, ఇంగ్లీషుని కూర్చోబెట్టారు. ఇద్దరం ఓడిపోయాం. ముప్ఫై ఏళ్ళ తర్జుమా శ్రమ మూలపడింది. ఉర్దూ కోసం మళ్ళీ ఒక యూనివర్సిటీ హైదరాబాద్‌కి రావడానికి 1998 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ మౌలానా ఆజాద్ పేరుతో.

ఇప్పుడు తిండి సంగతి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపారు. మా తిండి కూడా హాస్టల్ మెస్‌లో ఉండాలన్నారు. దాడులు జరిగాయి, కత్తిపోట్ల దాకా పోయింది. 2015 డిసెంబరులో మళ్ళీ జరుపుతామంటే కోర్టు వద్దంది, పోలీసులు క్యాంపస్‌ని చుట్టుముట్టారు. ముందుకొచ్చి అడిగింది దళితులు. అది మన పళ్ళెం కూడానని చెప్పడానికి మనలో ఎంతమందికి నోరొచ్చింది?

1938లో పాట, 2015లో పళ్ళెం. రాజ్యం మారింది, అధికారులు మారారు. ఎవరి ఇష్టం పైకి కనపడాలో, ఎవరిది దాచుకోవాలో నిర్ణయించే అలవాటు మాత్రం మారలేదు. స్టేజీ మీద బిర్యానీకి చప్పట్లు కొట్టేవాళ్ళే మెస్‌లో పెద్దకూర అంటే ఉలిక్కిపడతారు.

కల్చరల్ ఫెస్ట్‌లు జరుపుకోండి, మేమూ వస్తాం. కానీ మాకు కావాల్సింది ఆ ఒక్క సాయంత్రం కాదు. మిగిలిన రోజుల్లో క్లాసులో భాష కావాలి, మెస్‌లో తిండి కావాలి, సిలబస్‌లో చరిత్ర కావాలి. ఆ చరిత్రలో దారుల్ తర్జుమా ఉండాలి. నాగపూర్ పోయిన విద్యార్థులూ ఉండాలి.