బయలుదేరక ముందటి యాత్ర

దూరప్రయాణాల చరిత్రలు చదివేటప్పుడు మనం సాధారణంగా ఓడ రేవు విడిచిన పుట నుంచే శ్రద్ధగా చదవడం మొదలుపెడతాం. అంతకు ముందున్న పుటలలో తిండిగింజల లెక్కలు, తాళ్ళు, తెరచాపలు, ఎవరెవరిని వెంట తీసుకువెళ్ళాలన్న తర్జనభర్జనలు ఉంటాయి. వాటిని త్వరత్వరగా తిప్పేస్తాం. కానీ యాత్ర గెలుపోటములు చాలావరకు ఆ పుటలలోనే తేలిపోయి ఉంటాయి. ఈ మాట నిజమని నాకు బాగా తెలియజెప్పినది సముద్రమూ కలపా లేకుండా కేవలం కంప్యూటరు తెరమీద జరిగిన ఒక మహాయాత్ర. ఆటల మీద ఆసక్తి లేనివారు కూడా కొంచెం ఓపిక పట్టి చదవండి. ఇది ఆట గెలిచే కిటుకులను గురించిన వ్యాసం కాదు.

ముందు కాస్త పూర్వకథ. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటరు కోసం ఎలీట్ అన్న ఆటను రాశారు. ఆ యంత్రానికున్న జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఈనాటి ఒక చిన్న ఛాయాచిత్రం కూడా అందులో ఇమడదు. అంత ఇరుకులో వారు 8 నక్షత్రమండలాలను, ఒక్కొక్కదానిలో 256 నక్షత్రాలను పట్టించారు. పట్టించారనడం కంటే, అడిగినప్పుడల్లా ఒక సూత్రం ప్రకారం మళ్ళీ పుట్టేలా చేశారనడం సబబు. విత్తనంలో చెట్టున్నట్టు, ఒక చిన్న సంఖ్యలో లోకమంతా దాగి ఉండేది. సరిగ్గా 30 ఏళ్ళ తరువాత, 2014 డిసెంబరులో, బ్రేబెన్ స్థాపించిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ సంస్థ ఎలీట్ డేంజరస్‌ను విడుదల చేసింది. విత్తనం అదే జాతిది, చెట్టు మాత్రం మన పాలపుంత అంత. దాదాపు 40 వేల కోట్ల నక్షత్రవ్యవస్థలు, నిజమైన కొలతలలో. ఆటగాళ్ళందరూ కలిసి ఏళ్ళ తరబడి తిరిగినా అందులో చూసింది వెయ్యోవంతు కూడా లేదు.

ఇంత విశాలమైన చోటు కనిపించగానే మనిషికి పుట్టే ప్రశ్న ఒకటే: దీని అంచు ఎక్కడ? 2015 తొలినాళ్ళలోనే ఒక ఆటగాడు ఒంటరిగా సూర్యుడి నుంచి 65 వేల కాంతిసంవత్సరాల దూరం దాటి, పాలపుంత ఆవలి గట్టున ఉన్న ఒక నక్షత్రం దాకా పోయాడు. ఆ చోటికి తరువాత బీగిల్ పాయింట్ అన్న పేరు స్థిరపడింది. డార్విన్ ప్రయాణించిన ఓడ పేరు అది. ఒకడు పోగలడని తేలింది కదా, వెయ్యిమంది కలిసి పోగలరా అన్నది ఆ తరువాతి ప్రశ్న. దానికి జవాబుగా పుట్టినదే డిస్టెంట్ వరల్డ్స్ యాత్ర. ఇది ఆట తయారుచేసిన సంస్థ తలపెట్టినది కాదు. ఆటగాళ్ళు తమలో తాము అనుకుని, నెలల తరబడి ఏర్పాట్లు చేసుకుని, 2016 జనవరిలో, మనకు సంక్రాంతి రోజుల్లో, పల్లేనీ అనే నక్షత్రం దగ్గర గుమిగూడి బయలుదేరారు.

ఇక ఆ ఏర్పాట్ల సంగతి. ఆ ఆటలో ఓడ నక్షత్రం నుంచి నక్షత్రానికి ఒక్కసారిగా లంఘిస్తుంది. ఒక్క లంఘనంలో ఎంత దూరం పోగలదన్నది ఓడ బరువును బట్టి, ఇంజను తరగతిని బట్టి ఉంటుంది. కిష్కింధాకాండ చదివినవారికి ఇక్కడ ఒక ఘట్టం గుర్తుకు రావాలి. సముద్రతీరాన కూర్చున్న వానరవీరులు ఒక్కొక్కరే లేచి, నేను పది యోజనాలు దూకగలను, నేను ఇరవై, నేను ముప్పై అని చెప్పుకుంటూ పోతారు. అంగదుడు నూరు దూకగలనంటాడు గాని, తిరిగి రాగలనో లేదో అని సందేహపడతాడు. యాత్రకు పేరు నమోదు చేసుకున్న నావికులు చేసిందీ ఇదే. నా ఓడ 30 కాంతిసంవత్సరాలు, నాది 35 అని లెక్కలు విప్పారు. పాలపుంత నడిబొడ్డున నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి కనుక అక్కడ పొట్టి దూకుడు చాలు. అంచుకు పోయేకొద్దీ నక్షత్రాలు పలచబడతాయి. అక్కడ దూకుడు చాలని ఓడకు ముందు దారి ఉండదు. అంగదుడి సందేహం అక్కడ అక్షరాలా నిజమవుతుంది.

దూకుడు పెరగాలంటే బరువు తగ్గాలి. అందుచేత మొదటి పని ఓడను ఒలిచెయ్యడం. తుపాకులు తీసేశారు. సరుకు అరలు తీసేశారు. ఇంజను తప్ప తక్కిన భాగాలన్నీ ఆ ఆటలో అతి తేలికైన డీ-తరగతివి వేసుకున్నారు. రక్షణకవచం ఉంచాలా వద్దా అన్నది పెద్ద చర్చ. ఉంచితే బరువు, తీసేస్తే గ్రహం మీద కాస్త గట్టిగా దిగినా ఓడ ఒళ్ళు చితుకుతుంది. చాలామంది చిట్టి కవచం ఒకటి ఉంచుకుని మధ్యేమార్గం పట్టారు. సంపన్నులు అనకొండ అనే పెద్ద ఓడను, మధ్యతరగతివారు యాస్ప్ ఎక్స్‌ప్లోరర్‌ను, చేతిలో కొద్ది సొమ్మున్నవారు డైమండ్‌బ్యాక్‌ను ఎంచుకున్నారు.

రెండవది ఇంధనం. దారిలో బంకులు లేవు. ఓడకు ఇంధనం తోడుకునే సాధనం ఒకటి అమర్చుకుని నక్షత్రానికి దగ్గరగా ఎగురుతూ దాని వాయువునే పట్టుకోవాలి. ఐతే అన్ని నక్షత్రాలూ పాలిచ్చే ఆవులు కావు. ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం అనే ఏడు తరగతుల తారలే ఇంధనమిస్తాయి. గోధుమ మరుగుజ్జులు, శ్వేత కుబ్జతారలు, న్యూట్రాన్ తారలు ఇవ్వవు. ఈ ఏడు అక్షరాలను గుర్తుంచుకోవడానికి ఆటగాళ్ళు వాటిని తారుమారు చేసి కేజీబీ ఫోమ్ అని ఒక మాట కట్టుకున్నారు. మనవాళ్ళు ‘యమాతారాజభానస’ అని గణాలను గుర్తుపెట్టుకున్నట్టు. ఆ మాట మరిచి, గోధుమ మరుగుజ్జుల గుంపులోకి వరుసగా నాలుగు దూకుళ్ళు దూకినవాడు అక్కడే నిలిచిపోతాడు.

మూడవది మరమ్మతు. ఓడలోని యంత్రభాగాలను దారిలో బాగుచేసుకునే సాధనం ఉంది గాని, 2016 నాటికి ఓడ పైతొడుగును బాగుచేసే ఉపాయం ఏదీ లేదు. జనావాసం దాటితే నౌకాశ్రయమూ లేదు. అంటే మొదటివారంలో పడిన సొట్ట మూడు నెలలపాటు వెంట వస్తుంది. పైతొడుగు నూటికి తొంభై ఉన్నదా, నలభై ఉన్నదా అన్న అంకె చూసి ఆ నావికుడి చరిత్ర చెప్పేయవచ్చు.

ఇంత జాగ్రత్త దేనికి, ఆటే కదా అన్న ప్రశ్న ఇక్కడ రావడం సహజం. ఓడ పేలిపోతే భీమా ఉంది. కొద్ది సొమ్ము కడితే అచ్చం అలాంటి ఓడే, చివరగా ఆగిన రేవులో తిరిగి దక్కుతుంది. తిరిగి దక్కనిది మరొకటి ఉంది. దారి పొడుగునా కనుగొన్న నక్షత్రాల, గ్రహాల వివరాలు రేవుకు తెచ్చి అప్పగించేదాకా ఓడలోనే ఉంటాయి. అప్పగించాక, ఎవరూ చూడని తారను మొదట చూసినవారి పేరు ఆ తార పక్కన శాశ్వతంగా చేరుతుంది. దారిలో ఓడ పోతే ఆ వివరాలన్నీ పోతాయి. మూడు నెలల రాత్రులు, ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చి, పిల్లలు నిద్రపోయాక కూర్చున్న గంటలు, ఒక్క క్షణంలో లేనట్టే. ఓడ బొమ్మదే కావచ్చు, పోయే కాలం మాత్రం నిజమైనది. మన పెద్దలు కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్నప్పుడు కూడా మనసులో ఉన్న భయం ఇలాంటిదే. పోవడం ఎలాగో పోవచ్చు, తెచ్చుకున్న పుణ్యంతో ఇల్లు చేరడమే కష్టం.

లెక్క కట్టి చూస్తే, ఒక్కో దూకుడు 35 కాంతిసంవత్సరాలనుకుంటే 65 వేలకు దాదాపు 1,860 దూకుళ్ళు. ప్రతి దూకుడులోనూ అదే సొరంగం, అదే వెలుగు, ఎదుట మరొక నక్షత్రం. మధ్యలో మనిషి అలికిడి ఉండదు. అసలు ఈ ఆటలో కలిసి ప్రయాణించడమన్నదే ఒక విచిత్రం. అప్పట్లో ఎంతమంది ఒకే దారిన పోతున్నా ప్రతివాడూ తన దూకుడు తాను దూకవలసి ఉండేది. ఒకే చోట చేరినా, ఒకరి తెరమీద కొన్ని పదుల మందికి మించి కనిపించరు. వేయిమంది యాత్రికులలో ప్రతి ఒక్కరూ ఒంటరివారే. యంత్రాల లెక్కలన్నీ సరిచూసుకున్న తరువాత కూడా మిగిలిపోయిన చిక్కు ఇదే.

ఇక్కడే బీగిల్ ఓడ పేరు నాకు యాదృచ్ఛికంగా తోచదు. ఆ ఓడ మొదటి దక్షిణ అమెరికా సర్వేలో కెప్టెన్ ప్రింగిల్ స్టోక్స్ ఏకాంతమూ చలీ భరించలేక 1828లో తనను తాను కాల్చుకున్నాడు. ఆ స్థానంలోకి వచ్చిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్‌కి ఈ సంగతి నిత్యం గుర్తుంది. అతని మేనమామ కూడా 1822లో ఆత్మహత్య చేసుకున్నాడు. రెండవ యాత్రకు ఫిట్జ్‌రాయ్ 22 క్రొనోమీటర్లు ఎక్కించాడు. రేఖాంశాలు తప్పిపోకుండా అన్ని గడియారాలు. వాటితోపాటు అతడు వెతుక్కున్న మరో సరంజామా, సమాన హోదాలో తనతో కూర్చుని భోజనం చేస్తూ మాట్లాడగల ఒక తోడు. అలా ఓడ ఎక్కినవాడే 22 ఏళ్ళ చార్లెస్ డార్విన్. ఓడ 1831 డిసెంబరు 27న ప్లిమత్ విడిచి, 1836 అక్టోబరులో తిరిగి వచ్చింది. జీవశాస్త్ర చరిత్రను మార్చిన ప్రయాణం ఒక కెప్టెన్ ఒంటరితనానికి చేసుకున్న ఏర్పాటుగా మొదలైంది.

సరిగ్గా ఆ కాలంలోనే, 1830 మేలో, ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణం నుంచి సుమారు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన కూడా ఒంటరిగా పోలేదు. దారి వివరాలు చెన్నపట్టణంలోని మిత్రుడికి రాసి పంపుతూ వచ్చారు. వెంట నడిచే తోడు ఒకటి, ఇంటి దగ్గర చదివే తోడు మరొకటి.

డిస్టెంట్ వరల్డ్స్ ఏర్పాట్లలో అత్యధిక శ్రమ ఈ తోడును సిద్ధం చేయడానికే పోయిందని నా అభిప్రాయం. దారిని మజిలీలుగా విడగొట్టారు. ఫలానా నాటికి ఫలానా గ్రహం మీద అందరూ దిగాలి, అక్కడ విడిది, ఛాయాచిత్రాలు, నేలబండ్ల పందేలు, మాటామంతీ. ముందు పోయి దారి చూసేవారు, భూగర్భవివరాలు సేకరించేవారు, వెనుకబడినవారిని కలుపుకొచ్చేవారు అంటూ పనులు పంచుకున్నారు. 2015లోనే ఏర్పడిన ఫ్యూయల్ ర్యాట్స్ అనే స్వచ్ఛంద బృందం వారూ యాత్రలో కలిశారు. ఇంధనం అయిపోయినవాడు కబురు పెట్టి, ఊపిరి గాలి నిమిషాల లెక్కన తరిగిపోకుండా ఆట నుంచి బయటికి వచ్చి కూర్చుంటే, వీరు వేల కాంతిసంవత్సరాలైనా పోయి ఇంధనం పోసి వస్తారు. పైసా పుచ్చుకోరు. తన దూకుడు తానే దూకవలసిన లోకంలో, ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకమే బరువులేని సరుకు. ఓడ దూకుడును అది ఒక్క కాంతిసంవత్సరం కూడా తగ్గించదు.

2019 జనవరిలో, మళ్ళీ సంక్రాంతి ముందర, రెండవ యాత్ర బయలుదేరింది. ఈసారి పేర్లిచ్చినవారు 13,000కు పైగా. మూడేళ్ళలో సాధనాలు మారిపోయాయి. ఇంజన్లకు కొత్త మెరుగులు వచ్చి దూకుడు 60 కాంతిసంవత్సరాలు దాటింది. న్యూట్రాన్ తార వెదజల్లే ధారలో దూరితే ఆ ఒక్క దూకుడు నాలుగింతలవుతుంది. పైతొడుగు అతికే పరికరం కూడా వచ్చింది. దారి తేలికైంది కనుక తోడు అవసరం తగ్గి ఉండాలి. జరిగింది వేరు. ఈసారి యాత్రికులు ఓడలు ఒలుచుకోవడమే గాక, కొందరు బరువైన గనుల ఓడలు, సరుకు ఓడలు కూడా వెంట తెచ్చుకున్నారు. దారిలో ఖనిజాలు తవ్వి, మోసి, పాలపుంత కేంద్రంలోని మహాకృష్ణబిలానికి చేరువలో ఎక్స్‌ప్లోరర్స్ యాంకరేజ్ అనే రేవును నిలబెట్టారు. సూర్యుడి నుంచి దాదాపు 26 వేల కాంతిసంవత్సరాల దూరంలో, అంతకు ముందు దిగడానికి చోటు లేని చోట.

మొదటి యాత్రలో ఒక సొట్టతో మూడు నెలలు తిరిగినవారికి ఆ రేవు విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. తరువాతివారు ఓడ బాగుచేసుకోవడానికి, సేకరించిన వివరాలు అప్పగించి గుండె మీద చేయి వేసుకుని నిద్రపోవడానికి అది పనికివచ్చింది. తామెవరో తెలియని, ఎప్పటికీ కలవని బాటసారుల కోసం కట్టిన సత్రం అది. మన పాతదారులలో చెరువు తవ్వించి, చెట్టు నాటి, సత్రం కట్టించినవారు కూడా ముందు యాత్రికులై ఉంటారని నా ఊహ. దాహం తెలిసినవాడే చలివేంద్రం పెడతాడు.

అందుకే ఆ దాటవేసే పుటలను ఇకమీదట నిదానంగా చదవాలనిపిస్తుంది. బస్తాల లెక్కల మధ్య ఎక్కడో ఒకచోట, ఎవరి తోడు కోసం ఎవరు వెతికారన్నది రాసి ఉంటుంది.