పదిదాకా లెక్క వస్తే చాలు

వానాకాలం సాయంత్రం. గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల ఇంటికి ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకామె బాలింత. రెండో ఆమె ఆ బాలింత తల్లి. చేతుల్లో పాతబట్టలో చుట్టిన పసికందు. డాక్టరు బిడ్డను తీసుకుని మంచం మీద పడుకోబెట్టారు. ఎముకలకు చర్మం అంటుకుపోయింది. ముఖం ముసలివాళ్ళ ముఖంలా ముడతలు పడింది. ఊపిరి అందడం లేదు. మందు తీసేంత వ్యవధి కూడా దొరకలేదు. ఎండీ చదివిన ఇద్దరు డాక్టర్ల కళ్ళెదుటే, వాళ్ళ ఇంటి మంచం మీదే ఆ బిడ్డ ప్రాణం పోయింది.

ఆ బిడ్డ ఎందుకు చనిపోయిందో తెలుసుకోవాలని అభయ్ బంగ్ మొదటినుంచీ ఆరా తీశారు. తల్లి కడుపుతో ఉన్నన్నాళ్ళూ అర్ధాకలితో గడిపింది. బిడ్డ బక్కగా పుట్టింది. పోతపాలలో నీళ్ళు కలిపి పట్టారు. కడుపు చెడి ఒళ్ళు ఇంకా చిక్కింది. చివరకు ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. మంత్రగాడి దగ్గర కొంత కాలం గడిచిపోయింది. ఊళ్ళో వైద్యం లేదు. పట్నం వద్దామంటే మధ్యలో నది పొంగింది, దాని మీద వంతెన లేదు. ఇలా ఒక్కొక్కటే రాసుకుంటూ పోతే ఒక పసికందు చావుకు 18 కారణాలు తేలాయి. ఆస్పత్రి కాగితంలో అయితే ఒకే ఒక్క జబ్బు పేరు రాసి సంతకం పెట్టేవాళ్ళు.

పేదరికం పోవాలి, చదువు రావాలి, వంతెన కట్టాలి. అన్నీ నిజమే. కానీ ఇవన్నీ అయ్యేదాకా ఎన్ని వేల మంది పిల్లలు బతకకుండా పోతారు? ఈ ఘటన నుంచి ఆయన నేర్చుకున్న పాఠాన్ని తర్వాత ఎన్నో ఉపన్యాసాల్లో చెప్పారు. చావు ఒక గొలుసు. గొలుసు తెగాలంటే అన్ని లంకెలూ విరగ్గొట్టక్కర్లేదు. చేతికందే ఒకటి రెండు లంకెలు తెంపినా చాలు.

* * *

గడ్చిరోలి మనకు పొరుగూరే. ప్రాణహిత ఇవతలి ఒడ్డున మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాలు, అవతలి ఒడ్డున గడ్చిరోలి. కాళేశ్వరం నుంచి చూస్తే ఎదుట కనిపించే సిరొంచ తాలూకాలో తెలుగు ఇప్పటికీ ఇంటి భాష. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి ఏర్పరచిన ఈ జిల్లాలో గోండులు, మాడియా గోండులు ఎక్కువ. ఎటు చూసినా అడవి.

అభయ్ బంగ్ వార్ధాలోని గాంధీజీ సేవాగ్రామ్ ఆశ్రమ వాతావరణంలో పెరిగారు. రాణీ చంద్రపూర్ ఆడపడుచు, స్త్రీ వైద్య నిపుణురాలు. ఇద్దరూ నాగపూర్‌లో వైద్యం చదివి, 1984లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యంలో పట్టా తీసుకున్నారు. అక్కడే స్థిరపడే చదువు అది. వాళ్ళు మాత్రం వెనక్కి వచ్చి 1986లో గడ్చిరోలి చేరారు. ‘సెర్చ్’ అనే సంస్థ పెట్టి, తునికాకు నిల్వచేసే గోదామును బాగుచేసుకుని పని మొదలుపెట్టారు.

ముందు లెక్కలు తీశారు. రాణీ బంగ్ రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి బయటపడింది. వాళ్ళలో అంతకుముందు వైద్యపరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి ఎనిమిది మంది. 1989లో ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయిన ఈ అధ్యయనం, పల్లెటూరి ఆడది మౌనంగా ఎంత బాధ మోస్తోందో ప్రపంచానికి చూపించింది.

పిల్లల లెక్క ఇంకా ఘోరం. 1988లో అక్కడ పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 121 మంది ఏడాది నిండకుండానే కన్నుమూస్తున్నారు. ఆ చావుల్లో పెద్ద వాటా న్యుమోనియాది. చవకైన యాంటీబయాటిక్ మాత్రలకు లొంగే జబ్బు అది. మందు ఉంది, బిడ్డ ఉంది. ఈ రెంటినీ కలిపే మనిషే లేదు.

* * *

ఆ మనిషి ఊళ్ళోనే ఉండాలి. అర్ధరాత్రి తలుపు తడితే లేవాలి. అలాంటివాళ్ళు ఊళ్ళో అప్పటికే ఉన్నారు, మంత్రసానులు. చిక్కల్లా ఒక్కటే. న్యుమోనియా గుర్తుపట్టాలంటే బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకైతే 60, ఆపై ఏడాది లోపు బిడ్డకైతే 50 దాటితే ప్రమాదం. బడి ముఖం చూడని ముసలమ్మకు యాభై, అరవై దాకా లెక్క ఎక్కడిది? చేతికి గడియారం ఎక్కడిది?

అప్పుడు పుట్టింది ఒక చిన్న పనిముట్టు. చెక్కకు బిగించిన నిమిషం ఇసుక గడియారం, దాని పక్కన తీగకు గుచ్చిన పూసలు, వాటి చివర ఒక ఎర్రపూస. గడియారం తిప్పాలి. బిడ్డ పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. అలా పది అయితే ఒక పూస పక్కకు జరపాలి. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఇసుక పూర్తిగా కిందికి దిగకముందే ఎర్రపూస జరపాల్సి వస్తే బిడ్డకు న్యుమోనియా. మందు మొదలుపెట్టాలి.

పదిదాకా లెక్క వస్తే చాలు. తరతరాలుగా పురుళ్ళు పోసిన చేతులు ఆ పూసలు జరిపాయి, మందు పోశాయి. వందకు పైగా ఊళ్ళలో జరిగిన ఈ ప్రయోగం ఫలితాలు 1990లో ‘లాన్సెట్’లో వచ్చాయి. ఈ వైద్యం అందిన ఊళ్ళలో పిల్లల న్యుమోనియా మరణాలు, అందని ఊళ్ళకంటే 54 శాతం తక్కువ.

* * *

అయినా పుట్టిన నెలలోపు పోయే పిల్లలు పోతూనే ఉన్నారు. ఊపిరి అందక, చలికి తట్టుకోలేక, చీము పట్టి, బరువు చాలక. నూటికి 95 పురుళ్ళు ఇంట్లోనే జరిగేవి. నవజాత శిశువుకు పెద్దాసుపత్రే దిక్కని వైద్యశాస్త్రం అంటోంది. ఆ పెద్దాసుపత్రికి చేరే దారి లేదు.

ఈసారి 39 ఊళ్ళ నుంచి 39 మంది ఆడవాళ్ళను ఎంచుకున్నారు. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివినవాళ్ళు. ఇల్లు, పొలం, పిల్లలు ఉన్న సంసార స్త్రీలు. వాళ్ళకు ఆరోగ్యదూత అని పేరు. 1995లో మొదలైన తొలి ఏడాది వాళ్ళ పని చూడటం, రాసుకోవడం. ఎక్కడ ఏ బిడ్డకు ఏమవుతోందో కళ్ళారా చూశాకే, మరుసటి ఏడాది నుంచి వైద్యం ఒక్కో మెట్టుగా వాళ్ళ చేతికిచ్చారు.

అలాంటి ఒక రాత్రిని ఊహించుకోండి. ఈ మనుషులకు పేర్లు కల్పించడం లేదు. వాళ్ళు చేసే పని మాత్రం అక్షరాలా ఇదే.

మట్టిగోడల గుడిసె. మూలన కిరోసిన్ బుడ్డి. మంత్రసాని బిడ్డను అందుకుంది. ఏడుపు లేదు. ఒళ్ళు నీలంగా ఉంది.

“ఏడవట్లేదమ్మా!” అంది అత్త. గొంతు వణికింది.

“నువ్వు టార్చి పట్టుకో అత్తా, కదలనీయకు” అంటూ ఆరోగ్యదూత మోకాళ్ళ మీద కూర్చుంది. బిడ్డ ఒళ్ళు పొడిబట్టతో గట్టిగా తుడిచింది. సన్నని గొట్టంతో గొంతులో అడ్డుపడ్డ తెమడ పీల్చి తీసింది. అరికాలు తట్టింది. చలనం లేదు. సంచిలోంచి చిన్న మాస్కు తీసి ముక్కూ నోరూ కప్పి, దానికి తగిలించిన రబ్బరు సంచిని రెండు వేళ్ళతో నొక్కింది. వదిలింది. నొక్కింది. పసి ఛాతీ లేచింది, దిగింది. గుడిసెలో ఎవరూ మాట్లాడటం లేదు. మళ్ళీ నొక్కింది. బిడ్డ మూతి వంకర తిప్పింది. చిన్న మూలుగు. ఆ వెంటనే కెవ్వుమంది.

ఆమె పని అక్కడితో అయిపోలేదు. కొక్కేనికి తగిలించే కాటాతో బిడ్డను తూచింది. రెండు కిలోలకు తక్కువ. తల్లి రొమ్ముకు పట్టించింది. మొదటి రోజుల్లో పాలు పట్టకూడదనే నమ్మకం ఇంట్లో ఉంటుంది. అత్తతో గొడవపడకుండా, తల్లి పాలు పట్టడం ఎందుకు ముఖ్యమో నెమ్మదిగా చెప్పింది. కంబళిగుడ్డతో కుట్టిన సంచిలో బిడ్డను మెడదాకా వెచ్చగా పెట్టింది. విటమిన్ కె సూది వేసింది. ఆ తర్వాత నెల పొడుగునా మళ్ళీ మళ్ళీ వస్తుంది. బిడ్డ పాలు తాగడం మానేసిందా, ఏడుపు నీరసించిందా, ఒళ్ళు చల్లబడిందా, పొట్ట ఉబ్బిందా, డొక్కలెగరేస్తోందా అని చూస్తుంది. రక్తానికి విషం ఎక్కే సెప్సిస్ లక్షణాలు కనిపిస్తే ముందు ఆస్పత్రికి వెళ్ళమంటుంది. వెళ్ళలేమంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు తీసుకుని జెంటామైసిన్ సూది తానే వేస్తుంది.

* * *

ఐదో తరగతి చదివిన ఆడమనిషి పసికందుకు సూది వేయడమా అన్న అభ్యంతరం వైద్య లోకం నుంచి వచ్చింది. సందేహం సబబైనదే. దానికి బంగ్ దంపతులు వాదనతో కాకుండా లెక్కలతో జవాబిచ్చారు. ఆ ఊళ్ళలో సూది మందు మొదలవకముందు సెప్సిస్ వచ్చిన పిల్లల్లో 16.6 శాతం మంది చనిపోయేవారు. మొదలయ్యాక అది 2.8 శాతానికి దిగింది. మొదట్లో ఆ 39 ఊళ్ళలో వెయ్యికి 62గా ఉన్న నవజాత శిశు మరణాలు, ఇంటింటి వైద్యం మూడో ఏడు వచ్చేసరికి 25.5కు పడిపోయాయి. పోల్చిచూడటానికి తీసుకున్న పక్క ఊళ్ళలో అదే ఏడు 59.6. ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు 5.3 డాలర్లు. 1999లో ‘లాన్సెట్’లో వచ్చిన ఆ వ్యాసం ప్రపంచ ప్రజారోగ్య చరిత్రలో మైలురాయి అయింది.

ఈ విజయం వెనుక ఉన్నది సూది ఒక్కటే కాదు. వినడం. జనం ఆస్పత్రికి ఎందుకు రారని బంగ్ దంపతులు ఆదివాసులనే అడిగారు. పెద్ద పెద్ద కట్టడాలు చూస్తే భయమన్నారు. చుట్టాలను బయటే ఆపేస్తారన్నారు. తమ దేవత లేని చోట జబ్బు ఎలా నయమవుతుందన్నారు. ఆ మాటల ప్రకారమే తమ సంస్థ ఆవరణ అయిన శోధ్‌గ్రామ్‌లో ఆస్పత్రి కట్టారు. గోండు గూడెంలా చిన్న చిన్న గుడిసెలు, రోగితోపాటు ఇంటివాళ్ళు ఉండే వీలు, ఆదివాసుల ఇలవేల్పు దంతేశ్వరి అమ్మవారి పేరు. అక్కడికి జనం వచ్చారు.

మన్యంలో జ్వరం వస్తే “వాళ్ళు ఆస్పత్రికి రారు, నాటువైద్యం వదలరు” అనడం మనకు అలవాటు. తప్పు వాళ్ళ మీదకు నెట్టేస్తే మన బాధ్యత తీరిపోయినట్టు ఉంటుంది. గడ్చిరోలి ఆ సాకును చెరిపేసింది. పిలుపు వాళ్ళ భాషలో, వాళ్ళ మర్యాదలో అందితే ఆదివాసీ తల్లి తన బిడ్డను బతికించుకోవడానికి ఎవరికీ తీసిపోదు.

* * *

ఆ 39 మంది చేసిన పనే ఈనాడు దేశమంతటా ఆశా కార్యకర్తల చేతుల్లో ఉంది. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమాన్ని ప్రకటించింది. పుట్టిన నాటి నుంచి 42వ రోజు దాకా నిర్ణీత రోజుల్లో ఆశా ఆ గడప తొక్కాలి, బిడ్డను తూచాలి, ఒంటి వేడి చూడాలి. ఉట్నూరు గూడేల్లో, భద్రాచలం మన్యంలో, పాడేరు కొండల్లో తిరిగే ఆశాల సంచికి మూలం ప్రాణహిత అవతలి ఈ కథే. సూది మందు అధికారం మాత్రం ఏఎన్ఎం దగ్గరే ఆగింది.

పథకం వచ్చినా తేడా పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వెయ్యి మంది పిల్లలు పుడితే ఏడాదిలోపు 35.2 మంది చనిపోతున్నారు. గిరిజన కుటుంబాల్లో 41.6 మంది. గర్భిణిని డోలీలో మోసుకెళ్ళే దృశ్యాలు ఇప్పటికీ మన పత్రికల్లో అచ్చవుతూనే ఉన్నాయి.

రోడ్డు వేయాల్సిందే. వంతెన కట్టాల్సిందే. ఏజెన్సీ ఆస్పత్రిలో డాక్టరు ఉండాల్సిందే. వీటిలో ఏ ఒక్కదానికీ ఆశా ప్రత్యామ్నాయం కాదు, ఆమె పేరు చెప్పి ప్రభుత్వాలు ఇవి ఎగ్గొట్టడానికి వీల్లేదు. కానీ బిడ్డలు రోడ్డు పడేదాకా ఆగి పుట్టరు. ఈ రాత్రి పుట్టే బిడ్డకు ఈ రాత్రే మనిషి కావాలి. గడ్చిరోలిలో ఆ మనిషి నిలబడటానికి కారణాలు నాలుగు. పని చేయగలిగేదాకా దగ్గరుండి నేర్పారు. మందుల సంచిని ఖాళీ కానివ్వలేదు. పదిహేను రోజులకోసారి డాక్టరే ఊరికొచ్చి ఆమె పని చూశాడు. ఆమె చేతిని నమ్మారు.

మన కొండల్లోని ఆశాకు ఈ నాలుగూ అందుతున్నాయా? కోయలో, గోండిలో, సవరలో, కువిలో ఆమెకు అర్థమయ్యే భాషలో శిక్షణ దొరుకుతోందా? ఆమె సంచిలో కాటా, థర్మామీటరు, మందులు ఉన్నాయా? చేసిన పనికి డబ్బు వేళకు అందుతోందా? ప్రతి గ్రామసభ, ప్రతి ఐటీడీఏ సమీక్ష మొదట అడగాల్సిన ప్రశ్నలివి. పసిబిడ్డను బతికించడానికి ఏం చేయాలో తెలియదని ఇక ఎవరూ అనలేరు. తెలిసి దాదాపు మూడు దశాబ్దాలైంది. ఇకమీదట సూది దూరంలో ఉన్న మందు అందక ఒక గిరిజన బిడ్డ చనిపోతే, దానికి అడవినీ నదినీ నిందించకూడదు. జవాబు చెప్పాల్సింది మనం.