లష్కర్ నుంచి లాస్కర్: దండు మాట ఓడెక్కిన తీరు

హైదరాబాద్ పాతబస్తీలో పాతతరం వాళ్లు ఇవాళ్టికీ సికింద్రాబాద్‌ను ‘లష్కర్’ అంటారు. ఆషాఢంలో ముందు గోల్కొండ బోనాలు, తర్వాత లష్కర్ బోనాలు, ఆ పైన లాల్‌దర్వాజ సింహవాహిని బోనాలు. ఈ వరస శాలిబండ, అలియాబాద్ గల్లీల్లో పిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లిషు నౌకా పరిభాషలో ఇదే మాట ‘లాస్కర్’. ఐరోపా ఓడల్లో జీతానికి కుదిరిన భారతీయ, ఆసియా నావికుడని దాని అర్థం. సైన్యం విడిదికీ సముద్రం మీది కూలికీ ఒకే పేరు ఎలా కుదిరిందన్నది ఇక్కడి ప్రశ్న.

పారసీకంలో లష్కర్ అంటే సైన్యం, సైన్యం దిగిన చోటు కూడా. లష్కరీ అంటే సైనికుడు. ఇది అరబ్బీ ‘అల్ అస్కర్’ నుంచి వచ్చిందని ఒకప్పుడు అనుకునేవారు. 1886లో హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూర్చిన యూల్, బర్నెల్ పారసీక రూపమే ముందుదన్నారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు దేశీయ సిపాయిని ‘లస్కరిం’ అన్నారు. 17వ శతాబ్దికి ఇంగ్లిషువారి నోట అది నావికుడికి పేరైంది.

సిపాయి నావికుడెలా అయ్యాడు? యుద్ధం వైపు నుంచి చూస్తే జవాబు దొరకదు, విడిది వైపు నుంచి చూడాలి. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ‘గన్ లాస్కర్లు’ ఫిరంగులు లాగేవారు, ‘టెంట్ లాస్కర్లు’ డేరాలు వేసేవారు. మోకు పట్టి లాగడం, ముడి వేయడం, బరువైన గుడ్డను గాలికి ఎదురుగా నిలబెట్టడం వాళ్ల రోజువారీ పని. తెరచాప కింద పనీ అదే. ‘ఖలాసీ’ అనే మాటకూ డేరా వేసేవాడు, ఓడ పనివాడు అనే రెండర్థాలూ ఉండటం ఈ ఊహకు గట్టి ఆధారం. మాట రణరంగం నుంచి ఓడ మీదికి దూకలేదు, డేరా తాడు పట్టుకుని ఎక్కింది.

విడిది అనే ఆ నడిమి అర్థం మన నగరంలో చెక్కుచెదరకుండా నిలిచింది. 1798 ఒడంబడికతో నిజాం అలీ ఖాన్ కంపెనీ సైన్యాన్ని హుస్సేన్‌సాగర్ ఆవల దిగనిచ్చాడు. 1806లో సికిందర్ జా పేరున ఆ చోటు సికింద్రాబాద్ అయింది. కాగితాల మీద పేరు మారినా జనం నోట లష్కర్ పోలేదు. ఉజ్జయిని మహంకాళి ఆలయ కథనం ప్రకారం, 1813లో సైన్యంతో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య కలరా మహమ్మారి తగ్గాలని అక్కడ మొక్కుకుని, 1815లో ఇక్కడ అమ్మవారిని ప్రతిష్ఠించాడు. అప్పయ్య తుపాకి పట్టినవాడు కాదు, డోలీ మోసేవాడు. లష్కర్ అంటే దండును మోసి నిలబెట్టిన శ్రామికులు కూడానని ఆ గుడే చెబుతోంది.

సముద్రం మీద ఆ శ్రామికుడికి గౌరవం దక్కలేదు. లాస్కర్లను బ్రిటిష్ నావికులుగా లెక్కించరాదని 1823 నాటి చట్టం తేల్చింది. తెల్ల నావికుడితో సమానంగా చాకిరీ చేసినా లాస్కర్ జీతం తక్కువ, ఓడలో అతనికిచ్చే చోటూ ఇరుకే. కొన్నాళ్లకు ఆ పేరు వృత్తిని కాక హోదాలోని తక్కువతనాన్ని సూచించసాగింది. అయినా వాళ్ల భాష లేకుండా ఓడ కదలలేదు. అందుకే థామస్ రోబక్ 1811లో కలకత్తాలో ఇంగ్లిషు-హిందుస్తానీ నౌకా నిఘంటువు అచ్చు వేశాడు. 1882లో జార్జ్ స్మాల్ దాన్ని సవరించి ‘లష్కరీ నిఘంటువు’ అని పేరు పెట్టాడు. పాతబస్తీ మాట్లాడే ఉర్దూ పేరు కూడా దండు విడిది అనే అర్థమున్న తుర్కీ ‘ఓర్దూ’ నుంచి వచ్చిందే.

లాస్కర్ల జట్టుకు పెద్ద ‘సెరాంగ్’, అతని కింద ‘టిండల్’, ఆ కింద మిగతావాళ్లు. గోదావరి లాంచీ నడిపేవాణ్ణి మనం సరంగు అంటాం. శ్రీకాకుళం తీరంలో వేట జట్టు పెద్ద తండేలు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాతో ఆ మాట ఊరూరా వినపడింది. రేవుల్లో సరుకు మోసేవాడు కళాసీ. కాలువ తూములు ఎత్తి దించేవాడు లస్కరు. జట్టు మొత్తం తెలుగులో బతికే ఉంది.

ఇందులో ఒక అక్షరం గమనించదగ్గది. హైదరాబాద్ మాటలో ‘ష’ ఉంది, డెల్టా కాలువల మీది మాటలో ‘స’ ఉంది. మొదటిది పారసీకం నుంచి దక్కనీ మీదుగా నేరుగా వచ్చింది. రెండోది పోర్చుగీసు, ఇంగ్లిషు రాతల్లో ‘ష’ పోగొట్టుకుని, ప్రభుత్వ రిజిస్టర్ల ద్వారా తిరిగొచ్చిందని నా నిర్ధారణ. తెలంగాణ పత్రికలు కాలువ ఉద్యోగిని కూడా ‘లష్కర్’ అని రాయడంతో రెండు దారులూ మళ్లీ కలుస్తున్నాయి.

తెలుగు వ్యుత్పత్తి కోశాలు కూర్చేవారు లష్కర్, లస్కరు, సరంగు, తండేలు, కళాసీ మాటలను ఒకే పనిజట్టు పదాలుగా పరిశీలించాలి. ఏ ఊళ్లో ఎవరు ఎలా పలుకుతారో సరంగుల నోట, కాలువ గట్ల మీద విని నమోదు చేయాలి.