పేరుకు నిర్మాత

అమెరికా టీవీ ధారావాహికల్లో తెర మీద వచ్చే పేర్లన్నీ వదలకుండా చదివే పిచ్చి నాకుంది. ఒక్కో కథకు ఎంతమంది నిర్మాతలో! వీళ్ళందరూ డబ్బు పెట్టారా అని చాలాకాలం ఆశ్చర్యపోయాను. తీరా చూస్తే వారిలో చాలామంది పైసా పెట్టినవారు కారు, రచయితలు. అక్కడ రచయిత ఎదిగే మెట్లకు నిర్మాత పేర్లే పెట్టుకున్నారు. స్టాఫ్ రైటర్‌గా చేరినవాడు స్టోరీ ఎడిటరై, కో-ప్రొడ్యూసరై, అదృష్టం బాగుంటే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ అవుతాడు.

ఈ నిచ్చెనలో ఏ మెట్టుకూ చెందనిది కన్సల్టింగ్ ప్రొడ్యూసర్. సలహా నిర్మాత అందాం. తరచు ఇతడు పై మెట్టు చూసి వచ్చినవాడే. సొంత ధారావాహిక ముగిసి, మరొకటి మొదలుకాని రోజుల్లో, వారానికి కొన్ని దినాలు ఇతరుల రచయితల గదిలో కూర్చుంటాడు. ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ చివరి సీజన్ల బాధ్యత మోసిన మార్టీ నాక్సన్ తరువాత ‘మ్యాడ్ మెన్’లో ఈ హోదాతోనే పనిచేశారు. సినిమాలలో ఈ పేరుకు ఇంత స్థిరమైన అర్థం లేదు. మన చిత్రాల ‘సమర్పణ’ లాగా, ఎవరికి ఎందుకిచ్చారో ఇచ్చినవారికే తెలియాలి.

ఈ హోదా విలువ నాకు తెలిసింది మాత్రం ఫ్రాంక్ పియర్సన్ వల్ల. 1925లో పుట్టిన ఈయన ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’ (1975) రచనకు ఆస్కార్ అందుకున్నారు. రచయితల సంఘం పశ్చిమ శాఖకు రెండుమార్లు, ఆస్కార్ అకాడమీకి 2001 నుండి 2005 వరకు అధ్యక్షులు. అంతటివాడు ఎనభై అయిదు ఏళ్ళ ప్రాయంలో ‘మ్యాడ్ మెన్’ గదికి సలహా నిర్మాతగా వచ్చారు.

ఆ సమయం గమనించదగ్గది. నలభై దాటితే పని ఇవ్వడం లేదంటూ టీవీ రచయితలు 2000లో స్టూడియోల మీద, ఛానెళ్ళ మీద, ఏజెన్సీల మీద వేసిన దావాలు 2010 జనవరిలో 7 కోట్ల డాలర్ల రాజీతో ముగిశాయి. పదేళ్ళు పట్టింది! గెలుపనాలో, నోరు మూయించడమనాలో నాకు తోచదు. నలభై దాటినవారిని ముసలివారిగా లెక్కగట్టిన ఆ పరిశ్రమలోనే, అందుకు రెట్టింపు వయసున్న మనిషికి ఒక కుర్చీ దొరికింది.

జాలితో వేసిన కుర్చీ కాదది. ‘మ్యాడ్ మెన్’ 1960ల న్యూయార్క్ ప్రకటనల కంపెనీ కథ. దాని సృష్టికర్త మాథ్యూ వైనర్ పుట్టినదే 1965లో. పియర్సన్ రాసిన ‘క్యాట్ బలూ’ విడుదలైనదీ ఆ ఏడే. రెండేళ్ళకు ‘కూల్ హ్యాండ్ ల్యూక్’ వచ్చింది. గదిలో తక్కినవారు పుస్తకాలు తిరగేసి తెలుసుకోవలసిన కాలంలో ఆయన ఉద్యోగం చేసి, సంసారం ఈది వచ్చారు. అప్పటి నలభై ఏళ్ళ మగవాడు దేనికి సిగ్గుపడేవాడో, దేనికి పడేవాడు కాదో ఏ గ్రంథాలయం చెబుతుంది?

ఇలాంటి సలహాకు సాక్ష్యం మిగలదు. గదిలో అన్న మాట మరునాటికి అందరి మాటవుతుంది; తెర మీద నిలిచేది హోదా ఒక్కటే. పియర్సన్ విషయంలో ఒక మినహాయింపు ఉంది. 2012 ఏప్రిల్ 15న ప్రసారమైన ‘సిగ్నల్ 30’ రచయితలుగా ఆయన పేరు, వైనర్ పేరు పక్కపక్కనే పడ్డాయి. కథాకాలం 1966. ఆ జులై 22న పియర్సన్ కన్నుమూశారు.